గరుకు టైల్స్

పాత టైల్స్ పగలగొట్టే పనంటే మేస్త్రీకి భయం. ఎవరితోనూ అనలేదు గానీ, భయమే. ఉలి పెట్టి సుత్తితో బాదుతుంటే మొదటి ఇరవై దెబ్బలూ పనిలాగే ఉంటాయి. ఆ తర్వాత చెయ్యి తన మాట వినదు. పళ్ళు బిగుసుకుంటాయి. గోడ ఎవరిదో మొహంలా కనిపిస్తుంది. అందుకే ఆ పని బావమరిదికి వదిలేసి, తను పేర్చడం వరకే చూసుకునేవాడు.

అందరూ అతన్ని రసమట్టం అనేవాళ్ళు. మట్టంలో బుడగ వెంట్రుకవాసి జరిగినా సరే, అతికించిన టైల్ ఊడబీకి మళ్ళీ వేసేవాడు. "మా ఆయన మంచం కూడా మట్టం చూసుకునే పడుకుంటాడు" అని వాళ్ళావిడ ఆటపట్టించేది.

ఆవిడ అలా నవ్వగలిగింది ఎన్నో ఏళ్ళ తర్వాత. పద్దెనిమిదేళ్ళ కిందట, ఒక మేడ మీద బావమరిది వాలు తప్పు తీశాడు. వాన నీళ్ళు గదిలోకి వచ్చేశాయి. ఇంటివాళ్ళు నలుగురి ముందూ దులిపేశారు. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న అల్యూమినియం పట్టీతో బావమరిదిని ఒక్కటి పీకాడు. ఒక్కటే. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. ఆ చెవికి మళ్ళీ ఏమీ వినపడలేదు.

వాళ్ళావిడ పిల్లనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఏడాదికి తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడే చెప్పింది. "నీ చెయ్యి ఇంకొక్కసారి మనిషి మీద లేచిందంటే అదే ఆఖరు. నా మీదే కాదు, ఎవరి మీదైనా సరే."

బావమరిది ఆర్నెల్లకే పనిలోకి వచ్చేశాడు. ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రీ, "నన్ను క్షమించావా?" అన్నాడు. "ఏంటీ? ఇటొచ్చి చెప్పు బావా, అటు వినపడదు" అన్నాడు బావమరిది. మేస్త్రీకి రెండోసారి అడగడానికి నోరు రాలేదు.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాక, ఒక స్నానాల గది పని వచ్చింది. ఆ ఇంటాయన కార్ల షోరూంలో మేనేజరు. ఆయన తల్లి ఆ స్నానాల గదిలోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచం పట్టింది. మార్చాల్సింది నాలుగు గోడలూ, గచ్చూ, అంతే.

మొగుడూ పెళ్ళాం టైల్స్ ఎంచుకోవడానికి షాపుకి వెళ్తూ మేస్త్రీని కూడా తీసుకెళ్ళారు. ఆయన చెయ్యి తిన్నగా అద్దంలా మెరిసే తెల్ల పలక మీద పడింది. "గచ్చుకి ఇదే" అన్నాడు. ఆయన భార్య సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఆ పలక మీద ఒంపింది, చెప్పు విడిచి మడమతో రుద్దింది. కాలు సర్రున జారింది. పక్కనున్న బూడిదరంగు గరుకు పలక మీదా నీళ్ళు పోసి అలాగే రుద్దింది. కాలు కదల్లేదు.

షాపువాడు గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మేడం, ఇది షాపండీ!"

"గోడలకి తెల్లవి వేసుకుందామండీ. కింద మాత్రం ఇదే" అంది ఆవిడ.

"కాలు గీరుకోవడానికా? మేస్త్రీ, నువ్వు చెప్పు" అన్నాడాయన నవ్వుతూ.

మేస్త్రీ ఉన్నమాట చెప్పాడు. "అమ్మగారు చూసిందే కరెక్టు సార్. తడి తగిలేచోట నున్నటిది వేస్తే మళ్ళీ ఎవరో ఒకరు పడతారు."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మర్నాడు పనికెళ్ళేసరికి ఆవిడ కన్ను వాచి ఉంది. "తలుపు తగిలింది" అంది, టీ గ్లాసులు కింద పెడుతూ. బావమరిది మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ తల వంచుకుని సిమెంటు కలపడంలో పడ్డాడు. ఆ దెబ్బ ఏ మాటకి పడిందో తెలిసిపోయింది. తను అన్న మాటే అది. ఆ పూట వేసిన వరస మూడుసార్లు ఊడబీకినా బుడగ మధ్యకి రాలేదు.

గోడలు రెండు రోజుల్లో అయిపోయాయి. గచ్చు టైల్స్ మూడోరోజు ఆటోలో దిగాయి. ఆయన షాపుకి ఫోన్ చేసి మెరిసేవే పంపమన్నాడట. ఆయన ఫోన్ పెట్టేశాక ఆవిడ మళ్ళీ చేసి గరుకువే తెప్పించింది. ఆ సంగతి మేస్త్రీకి తర్వాతెప్పుడో తెలిసింది.

మధ్యాహ్నం పన్నెండింటికి గచ్చు సగమైంది. మేస్త్రీ మోకాళ్ళ మీద ఉన్నాడు. బావమరిది వరండాలో టైల్స్ కోస్తున్నాడు. అప్పుడు ఆయన ఇంటికొచ్చాడు, స్నానాల గదిలోకి తొంగి చూశాడు, తిన్నగా వంటింటి వైపు వెళ్ళాడు. గిన్నె పడిన చప్పుడైంది. మరుక్షణం పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"గరుకు కావాలా? ఇదిగో, రుద్దుకో!" అంటూ ఆవిడ మొహాన్ని టైల్ మీద వేసి రుద్దాడు. చెంప దోక్కుపోయింది. తల పైకి లాగి గోడకేసి కొట్టాడు. కొత్త తెల్ల పలక మీద ఎర్రటి మరక పడింది. పక్కగదిలోంచి ముసలావిడ మంచం చువ్వని గ్లాసుతో బాదుతూ "చంపేస్తున్నాడు! ఎవరైనా రండి!" అని కేకలు పెడుతోంది.

మేస్త్రీ వెనకనుంచి ఆయన రెండు చేతులూ కలిపి పట్టేశాడు. ఆయన తల వెనక్కి విసిరితే మేస్త్రీ ముక్కు పటుక్కుమంది. పట్టు జారింది. ఆయన మూలనున్న పాత టైల్ ముక్క అందుకుని అడ్డంగా ఝుళిపించాడు. మేస్త్రీ ఎడమ ముంజెయ్యి మణికట్టు దాకా చీరుకుపోయింది.

పాత టైల్స్ పగలగొట్టిన ఇనప సుత్తి అతని కుడిచేతిలో ఉంది. ఎప్పుడు తీశాడో తెలీదు. ఎత్తేశాడు. ఆయన చెవి పైన ఎక్కడ కొట్టాలో స్పష్టంగా కనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా మింగినదంతా ఆ చేతిలోకి వచ్చేసింది. హాయిగా కూడా అనిపించింది, అదీ నిజమే.

"బావా!"

బావమరిది గుమ్మంలో ఉన్నాడు. తన వినపడని చెవి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, కావాలని కాదు, భయంతో.

మేస్త్రీ సుత్తిని కిటికీలోంచి బయటికి గిరాటేశాడు.

ఆ లోపు ఆయన మళ్ళీ టైల్ ముక్క ఎత్తాడు. నేల మీది నుంచి లేచిన ఆవిడ నీళ్ళలా పలచగా కలిపిన సిమెంటు పాల బకెట్ రెండు చేతులా ఎత్తి ఆయన మొహాన కుమ్మరించింది.

ఆయన గావుకేక పెట్టాడు, కళ్ళు నలుపుకుంటూ కూలబడ్డాడు. సిమెంటు కంట్లో ఉంటే ఎలా కాలుస్తుందో మేస్త్రీకి తెలుసు. ఆయన మెడ పట్టుకుని కుళాయి కిందికి ఈడ్చాడు. చంపుతున్నాడనుకుని ఆయన తన్నాడు, వేలు కొరికాడు. బావమరిది కాళ్ళ మీద కూర్చున్నాడు. మేస్త్రీ రెప్పలు విడదీసి నీళ్ళ ధార కంట్లోకి పట్టాడు. తన రక్తమూ, ఆ సిమెంటు నీళ్ళూ కలిసి మురుగులోకి పోతున్నాయి.

"వదిలెయ్ మేస్త్రీ. ఆ కళ్ళు పోనీ" అంది ఆవిడ, గోడకానుకుని.

"పోతే మళ్ళీ రావమ్మా" అన్నాడు మేస్త్రీ, పళ్ళ బిగువున.

ఇరుగుపొరుగు వచ్చేదాకా, పావుగంటసేపు అలాగే పట్టాడు. కళ్ళు దక్కాయి. పోలీసులు వచ్చి అడిగితే ముసలావిడ మంచంలోంచే, "కొట్టింది నా కొడుకే. నిన్నా మొన్నటిది కాదు, రాసుకోండి" అంది. ఆయన్ని తీసుకెళ్ళారు. బెయిలు మీద బయటికొచ్చినా ఆ ఇంట్లో అడుగుపెట్టకూడదంది కోర్టు. కేసు ఇంకా నడుస్తోంది. మేస్త్రీ రెండు వాయిదాలకి సాక్ష్యానికి వెళ్ళొచ్చాడు.

ఆ సాయంత్రం కట్టుతో, ముక్కు మీద దూదితో ఇంటికొచ్చిన మేస్త్రీ చెప్పులు విప్పకముందే వాళ్ళావిడతో అన్నాడు. "సుత్తి ఎత్తాను."

ఆవిడ అతని కట్టు వంక చూసింది. "కొట్టావా?"

"లేదు."

"కొట్టాలనిపించిందా?"

"అనిపించింది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, ఊరటో మేస్త్రీకి అర్థం కాలేదు. కంచంలో అన్నం కలిపింది. ఆయన కొరికిన కుడిచేతి వేలు కూడా కట్టులోనే ఉంది కదా, ముద్ద చేసి నోటికందించింది.

ఎడమచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడవవు. మూడు వారాల తర్వాత ఆ గచ్చు పూర్తి చేసింది బావమరిదే. మేస్త్రీ పక్కన నిలబడి టైల్స్ అందించాడు. "కొంచెం ఎడమకి" అని మేస్త్రీ ఇంకేదో చెప్పబోతే, బావమరిది తలెత్తకుండా, "అందించు బావా, చాలు" అన్నాడు.

మేస్త్రీ అందించాడు.