ఊరికే అన్న మాట

ఆమె గొంతు గురించి డిపోలో కథలుకథలుగా చెప్పుకునేవారు. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి "ముందుకి జరగండి" అని ఒక్క కేక పెడితే, ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి జరిగేవారట. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని తిట్టడం మొదలుపెడితే డ్రైవరుకి నవ్వాగేది కాదు. "చిన్నప్పుడు మీ అమ్మ ఊయల్లో ఊపింది చాల్లేదేంట్రా, ఇక్కడ కూడా ఊగుతున్నావ్? లోపలికి రా!" అనేది. తిట్టినవాడికే తర్వాతి స్టాపులో సీటు చూపించేది. అందరూ కండక్టరమ్మ అనేవారు. ఉద్యోగం మానేసి కూతురింటికి వచ్చాక కూడా ఆ పేరే నిలిచిపోయింది.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు డాక్టర్లు. తీసేశారు, మనిషి దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ, ఊపిరి అక్కణ్ణుంచే. గొంతుకి ఆనించి పెట్టుకుంటే గరగరమని మోగే మిషనొకటి ఇచ్చారు. దాంతో మాట్లాడబోతే లిఫ్టులో పక్కింటి పాప జడుసుకుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే మిషను సొరుగులోకి పోయింది.

ఆస్పత్రి మంచం మీద అలవాటైన ఫోనే ఇంక ఆమె నోరైంది. టికెట్ మిషను మీద ఏళ్ళ తరబడి ఆడిన బొటనవేళ్ళు కాబట్టి టైపింగ్ తొందరగానే పట్టుబడింది. పక్కగదిలో ఉన్న కూతుర్ని పిలవాలన్నా మెసేజే, ఉప్పెక్కువైందని చెప్పాలన్నా మెసేజే. చప్పట్లు కొట్టి ఫోను చూడమని సైగ చేసేది. చూస్తే అందులో పాత కండక్టరమ్మే ఉండేది. "బకెట్టు నిండి పొర్లుతోంది, నీ చెవులు కూడా ఆపరేషన్‌లో తీసేశారా?" అని ఉండేది. కూతురు నవ్వుకుంటూ పరిగెత్తేది.

అల్లుడు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఆయన ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు. కస్టమర్లతో జరిగిన ప్రతి చాట్‌నీ డాక్యుమెంటుగా మార్చి, తేదీ వేసి, ఎప్పుడు ఏ మాట వెతికినా దొరికేలా భద్రపరచడం ఆయన విభాగం పని. ఎవరు ఏమన్నారన్న తగువు వస్తే ఆయన కంప్యూటర్లో ఒక ముక్క కొడతాడు, తగువు తీరిపోతుంది. ఆ పనంటే ఆయనకి ప్రాణం.

ఒకసారి అత్తగారి ఫోను బట్టల బకెట్లో పడి చచ్చిపోయింది. మెసేజులన్నీ పోయాయనుకున్నారు. "అమ్మ గొంతు ఎలాగూ పోయింది, మాటలైనా మిగల్లేదు" అని కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. అది చూసి అల్లుడు చచ్చిన ఫోన్లోంచి పాత మెసేజులు ఎవరిచేతో బయటికి తీయించి, కొత్త ఫోను తెచ్చాడు. "బ్యాకప్ పెట్టానత్తయ్యా, ఇంక మీ మాట ఒక్కటి కూడా పోదు" అన్నాడు. ఆమె దణ్ణం పెట్టినంత పని చేసింది. అత్తగారు ఎవరికి ఏం రాసినా అది నెలవారీగా డాక్యుమెంటై ఇంట్లో కంప్యూటర్లోకి చేరుతుందని, ఏ మాట కొట్టి వెతికినా బయటికొస్తుందని ఆయన విడమరిచి చెప్పలేదు. ఆమె అడగలేదు. బ్యాకప్ అంటే ఏదో బీరువాలాంటిదనుకుంది, తాళం తన దగ్గరే ఉంటుందనుకుంది.

మొదట్లో మంచే జరిగింది. నొప్పి ఎప్పట్నుంచని డాక్టరడిగితే అల్లుడు టక్కున వెతికి చెప్పాడు. తర్వాత ఆ వెతుకులాట భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది.

"కర్టెన్లకి ఆ నీలం రంగే బాగుందని మీరే అన్నారుగా అత్తయ్యా. ఇదిగో, ఎండాకాలంలో రాశారు."

"సాయంత్రం టీ మానేస్తానన్నారు, ఇక్కడ ఉంది చూడండి."

ఆమె నోరెళ్ళబెట్టేది. ఇదే కూతురు పొద్దున ఒకటనేది, సాయంత్రం ఇంకోటనేది, అడిగేవాడు లేడు. అల్లుడు వాకింగ్‌కి పోతానని రోజూ అనేవాడు, చెప్పులు కదిలేవి కావు, అడిగేవాడు లేడు. వాళ్ళు నోటితో అన్నారు కాబట్టి ఆ మాటలు గాల్లో కలిసిపోయాయి. ఆమె వేళ్ళతో అన్నది కాబట్టి దస్తావేజయి కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మాట మార్చుకోకుండా బతికిన మనిషెవరైనా ఉన్నారా? ఆ మాత్రం స్వేచ్ఛ ఆమెకే లేకుండా పోయింది. ఒళ్ళు మండేది. అయినా పెద్దది చేయడమెందుకని మింగేసింది.

మింగలేనిది ఒక ఆదివారం వచ్చింది.

చెల్లెలు చూడ్డానికొచ్చింది. అదే ఊళ్ళో, రెండు బస్సులు మారాల్సిన దూరంలో, టైలరింగ్ షాపు నడుపుతుంది. అక్క కోసం మెడ దగ్గర గుండీ ఉన్న జాకెట్లు కుట్టి తెచ్చింది, రంధ్రం మీద గుడ్డ నలగకుండా. మాటల్లో, షాపు కొత్త వీధికి మారింది ఆపరేషన్‌కి ముందా తర్వాతా అన్న ప్రశ్న వచ్చింది. ముందేనంది చెల్లెలు. తర్వాతేమో అంది కూతురు. పెద్ద విషయమే కాదు. ఇంకో ఇంట్లో అయితే, ఏదో ఒకటిలే అని టీ తాగేవారు.

"ఉండండి పిన్నిగారూ, ఇప్పుడే తేల్చేస్తా" అని అల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. 'చెల్లి' అని కొట్టాడు. వరసగా బారులు తీరాయి. ఆయన తేదీలు చూస్తున్నాడు. పక్కనే కూర్చున్న చెల్లెలు మాటలు చూసింది.

ఆపరేషన్ అయిన వారానికి, ఆస్పత్రి మంచం మీంచి, నొప్పిలో, కూతురికి రాసిన మెసేజ్ అది. "చెల్లిని రానివ్వకు. వచ్చిందంటే ఏడుపు తప్ప ఏం తేదు. జబ్బు నాకైతే ఓదార్పు దానికి కావాలి. నాకు ఓపిక లేదు."

చెల్లెలు ఇంకోసారి చదివింది. చదివి, ఒళ్ళో ఉన్న జాకెట్లు బల్ల మీద పెట్టి, సంచి తీసుకుని లేచింది.

"చీకటి పడితే బస్సులుండవు" అంది. అప్పటికింకా మిట్టమధ్యాహ్నం.

అక్క గబగబా అడ్డం వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పెదాలు ఆడించింది. ఫోను కోసం వెతుక్కునేలోపు చెల్లెలు చెయ్యి విడిపించుకుని మెట్లు దిగిపోయింది. కేకేస్తే వీధి చివరి దాకా వినబడే మనిషి, తలుపు దగ్గర నిలబడి ఊపిరి మాత్రం పీల్చి వదిలింది.

వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహం చూసి అల్లుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చెరిపెయ్యండి. అన్నీ. ఇప్పుడే" అని టైపు చేసి ఫోను ఆయన మొహం ముందు పెట్టింది.

"అత్తయ్యా, జరిగింది తప్పే. పిన్నిగారు చూస్తారనుకోలేదు. కానీ డాక్యుమెంటు ఏం చేసింది? ఒక్క అక్షరం కూడా నేను మార్చలేదు. మీరు రాసిందే కదా?"

"రాసిందే" అని ఒప్పుకుంది. "నొప్పిలో రాశాను. గొంతుంటే గోడకి చెప్పుకునేదాన్ని. గోడ తీసుకెళ్ళి దానికి చదివి వినిపించేది కాదు. ఆ సాయంత్రమే అది రాలేదేమని నేనే ఏడ్చాను. ఏడుపు మీ కంప్యూటర్లో ఉందా?"

లేదు. ఏడుపు టైపు చేయలేదు కాబట్టి లేదు.

"అమ్మా, ఆయన నీ కోసమే చేశారే" అని కూతురు మధ్యలోకి వచ్చింది. ఆమె కూతురి వంక ఒక చూపు చూసింది. మెసేజ్ కొట్టబోయి ఆగింది. ఈ కోపం కూడా తేదీ వేసుకుని లోపలికి పోతుందని అప్పుడే తట్టింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను స్విచ్చాఫ్ చేసి బల్ల మీద బోర్లా పెట్టింది.

మర్నాడు స్టేషనరీ షాపుకి వెళ్ళి పలక, సుద్దముక్కలు, స్పాంజి తెచ్చుకుంది. ఏది చెప్పాలన్నా పలక మీద రాసి, అవతలివాళ్ళు చదవగానే తుడిచేది. సుద్దపొడి అన్నం గిన్నెల మీదా పరుపుల మీదా పడేది. పక్కగదిలోంచి పిలవడానికి వీల్లేక గిన్నె మీద గరిటెతో కొట్టేది. ఇల్లు గంటలు మోగే బడిలా తయారైంది. కూతురు విసుక్కుంది. అల్లుడు ఏమీ అనలేదు. అనకుండా చేసిన పని ఇంకా ఘోరం.

ఒక పొద్దున పలక మీద మందుల పేర్లేవో రాసి చూపిస్తుంటే, ఆయన తన ఫోను ఎత్తి ఫొటో తీశాడు.

"ఊరికే అత్తయ్యా, మందుల విషయం కదా, ఎందుకైనా మంచిదని..."

ఆమె పలక నేలకేసి కొట్టలేదు. కొట్టాలనే అనిపించింది. తన నోట్లోంచి మాట బయటికి రాకముందే ఎవరో గిన్నె పట్టుకుని కింద నిలబడ్డట్టు అనిపించింది. పలక తుడిచి, లోపలికి వెళ్ళి, ఇన్నాళ్ళుగా ముట్టుకోని ఫోను స్విచ్చాన్ చేసింది. బ్యాకప్ ఎక్కడ ఆపాలో పక్కింటావిడ చేత చూపించుకుని ఆపేసింది. హాల్లో కుర్చీ వేసుకు కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టింది. అది సెలవు రోజు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరితో కబుర్లాడుతోందోలే, కోపం తగ్గిందని సంతోషించారు కూడా.

సాయంత్రం టీ వేళకి ఫోను తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది. వెతికే పెట్టెని వేలితో చూపించి, పలక మీద 'అమ్మ' అని రాసింది.

ఆయనకి అర్థం కాలేదు. కొట్టాడు. వచ్చింది. "మా అమ్మ ఫోన్ చేస్తే పడుకున్నానని చెప్పు. ఎత్తితే గంటసేపు అదే సోది." పొద్దున పళ్ళు తోముకుంటూ భార్యతో అన్న మాట, ఆయన అన్నట్టుగానే.

మొహం పాలిపోయింది. కిందికి జరిపాడు. మేనేజరు గురించి అన్నది ఉంది. మేడ మీది ముసలాయన ఎప్పుడు ఖాళీ చేస్తాడోనన్నది ఉంది. కూతురు వెనకనుంచి తొంగిచూసింది. "ఈయన్ని కట్టుకున్నందుకు నాకు మెడల్ ఇవ్వాలి" అని స్నేహితురాలికి ఫోన్లో చెప్పింది ఉంది. భర్త ఆమె వంక చూశాడు. ఆమె నీళ్ళు నమిలింది.

"ఇదేంటత్తయ్యా! అమ్మ గురించి... అది ఊరికే అన్నాను!"

కండక్టరమ్మ పలక మీద పెద్దక్షరాలతో రాసింది. "నేనూ ఊరికే అన్నాను."

తర్వాత ఫోను లాక్కుని, వాళ్ళు చూస్తుండగానే అదంతా చెరిపేసింది. పలక తుడిచి, మళ్ళీ రాసింది. "మీ అమ్మగారికి పంపగలిగేదాన్ని. పంపను. ఎందుకో మీకు తెలుసు. నా మాటల విషయంలో మాత్రం మీకది తట్టలేదు."

అల్లుడు టీ కప్పు పక్కకి జరిపాడు. "ఆఫీసులో అయితే, చాట్ దాస్తున్నామని కస్టమరుకి ముందే చెబుతాం" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ఇంట్లో ఆ మాత్రం కూడా చెప్పలేదు." ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

అప్పుడు ఏడ్చింది కూతురు. "అన్నీ వద్దమ్మా! నువ్వు నన్ను తిట్టినవి ఉన్నాయి, బకెట్టు సంగతి ఉంది... రేపు నాకేం మిగుల్తుందే?" అంది. అది నిజమే. అయినా తల్లి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నువ్వు నాకు చెప్పి ఉంచుకో. నన్నడిగి ఉంచుకో. నా వెనకాల కాదు" అని రాసింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పైనుంచి చదువుకుంటూ వచ్చింది. తిట్లలో మంచివి ఏరి కూతురికిచ్చింది. డాక్టరుకి కావలసినవి ఉంచింది. మిగతాదంతా అల్లుడి చేతే తీయించింది, ఆయన ఆఫీసు అలవాటుగా దాచిన రెండో కాపీతో సహా.

చెల్లెలి సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. అవన్నీ తీయించిన మర్నాడే అక్క ఆమె షాపుకి వెళ్ళింది. చెల్లెలు మిషను ఆపకుండా కుట్టుకుంటూనే ఉంది. అక్క పలక మీద రాసింది చూసి, "చూశాలే" అంది. "కోపంలో అన్నావ్. తెలుసు. నువ్వు నోటితో తిట్టినవి చిన్నప్పట్నుంచీ లెక్కలేనన్ని, ఒక్కటైనా గుర్తుందా నాకు? ఇది చదివానే అక్కా. అక్షరాలు కళ్ళముందు అలాగే ఉన్నాయి. నేనేం చెయ్యను?"

అక్క పలక సంచిలో పెట్టేసి, కుర్చీ లాక్కుని, కుట్టిన జాకెట్లకి గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. చెల్లెలు వద్దనలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కుడుతూనే ఉన్నారు.

ఇప్పుడు చెల్లెలు మళ్ళీ వస్తోంది. అల్లుడు హాల్లో ఉంటే వంటింట్లో కూర్చుంటుంది. అక్క మంచం పక్కన కూర్చున్నప్పుడు కళ్ళు చెమర్చితే గబుక్కున కిటికీ వైపు తిరుగుతుంది. మునుపైతే అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చేది. అది చూసినప్పుడల్లా కండక్టరమ్మకి ఒళ్ళు భగ్గుమంటుంది. అల్లుడు ఎన్నిసార్లు క్షమించమన్నా, ఆ ఒక్క సంగతికి మాత్రం ఆమె ఇప్పటికీ తల అడ్డంగానే ఊపుతుంది.