ఒకే తట్టలో రెండు తాంబూలాలు

మా మేనత్త సరోజమ్మ పుదుచ్చేరి నుంచి ఫోన్ చేసి, "ఆదివారం మా ఇంటికాడ పనుండాది. పుట్టింటోడు ఒకడు నిలబడాల, రా నాయనా" అంది. పెళ్లా, చెవులు కుట్టడమా అని అడిగాను. "కాలవ" అంది.

కోసపాళయంలో ఆమె పిండిమిల్లు ముందున్న మురుగుకాలవ పూడిపోయి, పోయిన వానాకాలం నీళ్లు లోపలికొచ్చి మోటారు కాలిపోయింది. మళ్లీ అదే జరిగితే మిల్లు మూసుకోవాల్సిందే. మామ పోయాక ఆమెకున్న బతుకుతెరువు అదొక్కటే. అందుకని ఎమ్మెల్యేనీ, ఎదుటి పార్టీ నాయకుణ్ణీ కలిపి పిలిచింది.

శనివారం ఉదయం ఆరున్నరకు నెల్లూరులో రైలెక్కాను. చెన్నైలో దిగి, పదకొండింటికి సముద్రం పక్క రోడ్డు మీద వెళ్లే బస్సు పట్టుకున్నాను. వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ చూసుకోండి. సముద్రం అక్కడక్కడా కనిపిస్తుంది, మధ్యాహ్నం ఎండ తగలదు. పక్క సీటాయనకు ముదలియార్‌పేటలో సైకిలు షాపు ఉందట. నేను వెళ్తున్న పని విని ఆయన నవ్వలేదు.

"అసెంబ్లీలో ఒకరు నోరు తెరిస్తే ఇంకొకరు లేచి బయటికి పోతారు. మేం వాళ్లను లోపల కూర్చోమని కదా పంపింది!" అన్నాడు తమిళంలో.

రెండున్నరకు దిగి ఆటోలో అత్త ఇల్లు చేరాను. మిల్లు మీది గదిలో నాకు పక్క వేసింది. సాంబారన్నం, చేపల వేపుడు పెట్టి తన ఉపాయం చెప్పింది. తరాల కిందట అక్కడ స్థిరపడిన ఆమె అత్తగారి కుటుంబంలో ఒక కట్టుబాటు ఉంది. పడని రెండిళ్లవాళ్లను ఒక కార్యానికి పిలిస్తే, ఇంటి పెద్దావిడ ఒకే తట్టలో రెండు తాంబూలాలు ఉంచి ఇద్దరి మధ్యా పట్టుకుంటుంది. అందులోంచి తీసుకున్నవాళ్లు ఆ పూట ఆ గడపలో పాత తగువు ఎత్తకూడదు. సాక్షిగా ఆమె పుట్టింటి మనిషి పక్కన ఉండాలి.

"వాళ్లు చుట్టాలు కారు గదత్తా" అన్నాను.

"వోటేసినాం గదా నాయనా. చుట్టాలు కాకుండా యాడికి పోతారు?"

నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి మింగేశాను.

ఆదివారం తొమ్మిదికి వస్తామన్నవాళ్లు పదకొండుకు వచ్చారు, వెనక చెరో పదిమంది. అత్త అప్పటికే కాలవ మీది బండ తీయించి ఉంచింది. తట్ట పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది.

"ముందు ఎవరికి చెప్పినావమ్మా?" అన్నాడు ఎమ్మెల్యే.

"ఇద్దరికీ ఒకే రోజు చెప్పినానయ్యా."

"ఒకే రోజే. అందులో ముందెవరికి?"

రెండో ఆయన నవ్వాడు. "కుర్చీలో కూర్చుని కాలవ పూడబెట్టినాయనకే ముందు చెప్పాల!"

"నువ్వున్నప్పుడు తవ్వించినావా?"

ఇక వెనకవాళ్లు అందుకున్నారు. ఎవరి ఫోన్లు వాళ్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. ఇరవై నిమిషాల అరుపుల్లో ఒక్కరూ కాలవలోకి తొంగి చూడలేదు. ఒక్క చెయ్యీ తట్ట దగ్గరికి రాలేదు. అత్త పట్టుకున్న తట్ట కింద నా చెయ్యి ఆనించాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ చెరో కారెక్కి వెళ్లిపోయారు. బండ మళ్లీ మేమే నెట్టాం.

"ఏంబలం ఊళ్లో పొలం గట్టు కాడ కొట్టుకొని మా మరుదులిద్దరికీ పన్నెండేండ్లు మాటల్లేవు. వాళ్లు కూడా తట్ట ముందర చెయ్యి చాపినారు. వీళ్లేందిరా?" అంది అత్త.

మోటారు దిమ్మ ఎత్తు చేయించమన్నాను. సోమవారం మేస్త్రీకి చెబుతానంది.

ఒకటిన్నర బస్సుకి బయల్దేరాను. మరక్కాణం ఉప్పుమళ్ల దగ్గర వాన అందుకుంది. పుదుచ్చేరి వెళ్లొచ్చినవాళ్లు సముద్రం గురించి, తిన్నని వీధుల గురించి చెబుతారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం వాడిపోయిన ఆ తమలపాకులే కళ్లలో ఉండిపోయాయి.

చెన్నైలో దిగుతూనే ఫోన్ చేశాను. అవతల నీళ్లు తోడుతున్న చప్పుడు.

"లోపలికొచ్చినాయా అత్తా?"

"మోటారు మునిగింది." బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "ఈతూరి కూడా పోయి వోటేస్తా నాయనా. ఎయ్యకుండా ఉండను. తాంబూలం మటుకు పెట్టను" అంది.