మూతల మీద రాసిన అంకెలు

మా కాలేజీలో ఫస్టు నేనే. ఆ సంగతి ల్యాబులో ఎవరికీ పట్టలేదు, అదే నాకు ఒళ్లు మండేది. వేసవి ఇంటర్న్‌షిప్ అంటే క్యాన్సర్‌కి మందు కనిపెట్టేస్తామనుకుని వెళితే, పెద్దమ్మ నా చేతిలో సీసాలు కడిగే బ్రష్ పెట్టింది.

పెద్దమ్మ నాకేం చుట్టం కాదు, అక్కడి టెక్నీషియన్. డైరెక్టరు కూడా ఆవిణ్ణి అలాగే పిలుస్తాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దానికోసమే ల్యాబంతా వెతుకుతుంది గానీ, ఫ్రీజరులో ఏ గొట్టం ఏ అరలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పదిహేను రోజులు నాచేత గాజుసామాను కడిగించింది. పైగా రోజూ ఒకటే పాట: "మూత మీద రాయకమ్మా, గొట్టం మీద రాయి."

పదహారో రోజున నాకు అసలు పని దొరికింది. పీహెచ్‌డీ చేస్తున్న అన్న ఒకడున్నాడు. పన్నెండు ఎలుకల రక్తంలోంచి తీసిన సీరం ఇచ్చి, చిన్న గొట్టాల్లోకి మార్చమన్నాడు. ఆరు ఎలుకలకి మందిచ్చారు, ఆరింటికి ఇవ్వలేదు. అవి కలిసిపోతే అతని మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

గొట్టం గుండ్రంగా ఉంది, పెన్ను జారుతోంది. మూత చదునుగా, రాసుకోమన్నట్టుగా ఉంది. రాసేశాను. పాత గొట్టాలు చెత్తలో పారేసి, పరీక్షకి వాడే రసాయనం కలపడానికి పన్నెండు మూతలూ ఒకేసారి తీసి బల్ల మీద పరిచాను. మోచెయ్యి తగిలింది. మూతలన్నీ కలగాపులగం.

దొరికిన మూత దొరికినదానికి బిగిస్తే కనిపెట్టే నాథుడు లేడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాలుగు బిగించాను కూడా. ఇంతలో పక్క బల్ల నుంచి అన్న, "అయిందా చెల్లీ? నీ పుణ్యమా అని ఇవాళ త్వరగా ఇంటికెళ్తా" అన్నాడు. ఇక నావల్ల కాలేదు. ఏడుపు మొహంతో పెద్దమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను.

ఆవిడ ఫ్రీజరు తెరిచి ఒక డబ్బా తీసింది. అందులో పన్నెండు గొట్టాలు, ఒంటి మీద అంకెలతో.

"నీ చేతికి రాకముందే ఒక్కోదాంట్లోంచి సగం తీసి దాచాను."

ప్రాణం లేచొచ్చింది. వెనకే కోపమూ వచ్చింది. "ముందే చెప్పొచ్చుగా పెద్దమ్మా, గుండె ఆగినంత పనైంది."

"చెబితే నా దగ్గరికి వచ్చేదానివా? ముందు వెళ్లి వాడికి చెప్పు. వెనకటికి నీలాగే కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి, తోచినట్టు మూతలు బిగించేసి నోరు మెదపలేదు. ఆ ఫలితాలు పట్టుకుని పాపం ఒకాయన ఏడాది తిరిగాడు. ఆఖరికి చదువే మానేసి పోయాడు."

"ఆ పిల్ల ఏమైంది?"

పెద్దమ్మ ఫ్రీజరు తలుపు మూసింది.

"ఏమవుతుంది? ఇరవై ఆరేళ్లుగా ఇక్కడే సగం దాస్తోంది."