నవల్లో నలుగురు అప్పన్నలు

ఆ అమ్మాయి పేరు అడగలేదు. మా స్టీలు టౌన్‌షిప్పులో మరోదా వైపు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చుంది. ఒళ్లో సిమెంటు బస్తా అంత నవల. నాలుగు తరాల కథ, తరానికో అప్పన్న.

"క్లాసులో అందరూ సగంలో వదిలేసారు అంకుల్. ఇవాళ కథ చెప్పాల్సింది నేను. ఏ అప్పన్న ఎవుడో తెలీట్లేదు," అంది ఏడుపు గొంతుతో.

"మా స్టీల్ ప్లాంటులో ఇందరు అప్పన్నలుంటే ఏటి చేస్తారమ్మా? డిపార్ట్‌మెంటు తగిలిస్తారు," అన్నాను.

ముత్తాతకి కోక్ ఓవెన్, తాతకి బ్లాస్ట్ ఫర్నేస్, తండ్రికి రైల్ మిల్లు ఇచ్చాం. మనవణ్ణి కాంట్రాక్టులో పెట్టాం.

చిక్కు విడిపోయింది. అమ్మాయి గొంతెత్తి కథ చెప్పుకుంటూ పోయింది. "కోక్ ఓవెన్ అప్పన్న పోయాడు," అనగానే ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "అయ్యో, ఎప్పుడమ్మా? ఏ సెక్టారులో ఉండేవాడు?" అన్నాడు.

కాలేజీ వచ్చేసరికి బస్సు మొత్తం ఊపిరి బిగబట్టి వింటోంది. ఆమె లేచినా డ్రైవరు తలుపు తీయలేదు.

"కాంట్రాక్టు అప్పన్న పర్మనెంటయ్యాడా లేదా, అది చెప్పి దిగు దీదీ."