విరగ్గొట్టనిదే నమ్మనివాడు

వెండెల్ హచిన్స్ ఏ వస్తువునైనా ఒకసారి విరగ్గొట్టి చూడనిదే నమ్మడు. మా కెంటకీ కొండల్లో రకరకాల మనుషులున్నారు. ఒకాయన కోళ్లకు బైబిలు చదివి వినిపిస్తాడు. ఇంకొకాయన వానలో నిలబడి వానతోనే వాదిస్తాడు. వాళ్లంతా వెండెల్ ముందు దిగదుడుపే.

పెళ్లికి మామగారు ఆరు భోజనపు కుర్చీలు ఇచ్చాడు. మర్నాడే వెండెల్ ఒకదాని మీద ఇసుక బస్తాలు పేర్చడం మొదలుపెట్టాడు. ఏడో బస్తాకు కుర్చీ కుప్పకూలింది.

"మంచిది! ఇప్పుడు తెలిసింది," అన్నాడు మొహం చేటంత చేసుకుని.

మిగిలిన ఐదింటి మీదా ఈనాటికీ నిశ్చింతగా కూర్చుంటాడు. ఆ ఇంటికి భోజనానికి వెళ్లిన ఆరో మనిషి మాత్రం నిలబడి తినాలి. ఆ ఆరో మనిషిని సాధారణంగా నేనే.

"మరి నిన్ను చేసుకునే ముందు ఏం విరగ్గొట్టి చూశాడు మేవిస్?" అని వాళ్లావిడను ఒకసారి అడిగాను.

"మా నాన్న ఓపిక," అందావిడ బీన్సు వడ్డిస్తూ.

నేను క్లోవర్ క్రీక్ కార్ల పందెపు దారిలో మైకు పట్టుకుని పందెం విశేషాలు అరిచేవాణ్ని. ఆదివారం చర్చి అయ్యాక ఊరంతా అక్కడే ఉంటుంది. రెండేసి కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చ దీపం వెలగగానే పావు మైలు అవతల ఉన్న గీత దాకా పరుగు. నిలబడ్డ కారును ఒక్క ఊపున ముందుకు దూకించడంలోనే ఉంది కిటుకంతా. కార్లు విరిగేది కూడా అక్కడే.

వెండెల్ కారు అరవైతొమ్మిది నాటి ఆకుపచ్చ బండి. దానికి బెర్నిస్ అని పేరు. ఇంజనుకు ఏనుగంత బలం. అయితే ఆ బలం చక్రాలకు చేరేలోపు ఐదారు చేతులు మారాలి: క్లచ్, గేరుబాక్సు, కిందనుండే పొడవాటి షాఫ్టు, వెనక పళ్లచక్రాలు, చివర చక్రాలను తిప్పే యాక్సిళ్లు. ఒకదాన్ని గట్టిపరిస్తే దెబ్బ పక్కదాని మీద పడుతుంది. వెండెల్ గట్టి క్లచ్ వేశాడు, గేరుబాక్సు పళ్లు రాలాయి. గేరుబాక్సు మార్చాడు, షాఫ్టు మెలితిరిగింది. లావుపాటి షాఫ్టు వేశాడు, వెనక పళ్లచక్రాలు పిండైపోయాయి. విరిగిన ప్రతిసారీ కారు దిగి, కిందకు దూరి, పండగ చేసుకుంటున్నవాడిలా బయటికొచ్చేవాడు.

"ఏం పోయిందయ్యా ఈసారి?" అని మైకులో అడిగేవాణ్ని.

"వెనక పినియన్ చక్రం! మూడు పళ్లు!" అని వేళ్లు చూపించేవాడు. జనం చప్పట్లు.

పన్నెండేళ్లలో బెర్నిస్ ఒక్కసారి కూడా తన కాళ్ల మీద తాను ఆ చివరి గీత దాటలేదు.

పోయిన వసంతంలో మేవిస్ ఓపిక నిజంగానే విరిగింది. "మహానుభావా, ఇక చాలు. ఈ ఏటి ఆఖరి పందెం లోపు నీ బెర్నిస్ ఆ గీత దాటాలి. దాటకపోతే అమ్మేస్తాను. లూయీవిల్ నుంచి ఒక పళ్ల డాక్టరు అడుగుతున్నాడు," అంది.

బెర్నిస్ అంటే వాడికి ప్రాణం. ఆ వేసవంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాడు. ప్రతి భాగాన్నీ విరగ్గొట్టి, దాని కన్నా గట్టిది వేసి, దాన్నీ విరగ్గొట్టి, అంతకన్నా గట్టిది వేశాడు. చివరికి ఎంత దూకించినా విరగని యాక్సిళ్ల జత ఒకటి దొరికింది. ఆ సంగతి చెప్పినప్పుడు వాడి గొంతులో కొంచెం దిగులు కూడా వినపడింది.

ఆఖరి ఆదివారం వచ్చింది. మేవిస్ చర్చి టోపీతోనే జనం కూర్చునే మెట్ల మీద కూర్చుంది. పక్కనే తెల్ల బూట్లు వేసుకున్న పళ్ల డాక్టరు. నేను మైకు వదిలి ఒకసారి వెండెల్‌ను పలకరించి వద్దామని వెళ్లాను. చూద్దును కదా, బెర్నిస్ వెనక చక్రాలు ఊడదీసి ఉన్నాయి. ఆ బంగారం లాంటి యాక్సిళ్లు గడ్డి మీద పడున్నాయి. వాటి స్థానంలో వెండెల్ ఏవో కొత్తవి దూరుస్తున్నాడు.

"ఒరేయ్, అవెక్కడివి?"

"పొద్దున కార్లాను బతిమాలి తెచ్చా. ఆమె కారులో వేసినవి కాక ఇంకో జత మిగిలిందట."

కార్లా పికెట్ మా బడిలో లెక్కల పంతులమ్మ. ఆ రోజు ఆఖరి పందెం ఆమెదే. ఎవడో లారీవాడు తెచ్చి అమ్మిన యాక్సిళ్లను నెల కిందట రెండు జతలు కొనుక్కుంది. "బిగించే ముందు ఒకటి విరగ్గొట్టి చూస్తానమ్మా," అని వెండెల్ అంటే, "మీ చేతికిస్తే నాకు మిగిలేది తుక్కే అంకుల్," అని నవ్వేసి పోయిన వారం తనే బిగించుకుంది.

"నీకు మతి పోయిందా? ఈ రోజు గీత దాటకపోతే బెర్నిస్ పోతుందిరా!" అన్నాను.

"తెలుసు."

"మరి?"

"ఇవి విరుగుతాయో లేదో నాకు తెలియడం లేదు హోలిస్. వారం నుంచి తిండి సయించడం లేదు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని తిట్టుకుంటూ మైకు దగ్గరికి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషాన వాణ్ని కొట్టాలనిపించింది.

పచ్చ దీపం వెలిగింది. వెండెల్ ఇంజనును ఆకాశమంత ఎత్తుకు అరిపించి క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. బెర్నిస్ మూతి పైకి లేపి దూకింది. ఢాం! ఎడమ వెనక చక్రం ఊడి, కారు కన్నా ముందు పరిగెత్తి, గడ్డిలోకెళ్లి పడుకుంది. బెర్నిస్ నిప్పులు రాల్చుకుంటూ ముప్పై అడుగులు జారి ఆగిపోయింది. మెట్ల మీద అంతా ఘొల్లున నవ్వారు. నేనూ మైకులోనే నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే వెండెల్ ఈసారి వేళ్లు చూపించలేదు. విరిగిన ముక్క చేత పట్టుకుని తిన్నగా కార్లా కారు దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మాయ్, దిగు! లోపలంతా గుల్లగా, బెల్లం ముక్కలా ఉంది చూడు. నీ కారులో ఉన్నవీ ఇవే. నాది ఇక్కడే ఊడింది కాబట్టి సరిపోయింది. నీది అవతలి చివర, నూట ఇరవై మైళ్ల వేగంలో ఊడితే? నావి గడ్డి మీదున్నాయి, అవి వేసుకో. నీ కారుకు కొలత సరిపోతుంది. వేసవంతా తన్నినా విరగలేదవి."

కార్లా ఆ ముక్కను చూసింది, వెండెల్‌ను చూసింది. "మరి బెర్నిస్ అంకుల్?" అంది చిన్నగా.

"దానిదేముంది," అన్నాడు వాడు నేల చూస్తూ.

అప్పుడు వెలిగింది నా బుర్ర. నా కారు గేరుబాక్సు బిగించింది వెండెలే. తొమ్మిదేళ్లయింది, కిక్కురుమనలేదు. చుట్టూ చూశాను. అక్కడున్న ఇరవై కార్లలో వాడి చెయ్యి పడని కారు లేదు. బెర్నిస్‌లో విరిగిన రకం మా ఎవరి కారులోనూ వాడు బిగించలేదు. పన్నెండేళ్లుగా మేం కప్పులు గెలుచుకుంటూ వాణ్ని చూసి నవ్వుతున్నాం.

మేవిస్ మెట్లు దిగి, టోపీ సర్దుకుంటూ దారి మధ్యకు నడిచొచ్చింది. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. మొగుడి వంక చాలాసేపు చూసింది. తర్వాత మా మీద విరుచుకుపడింది.

"ఏం చూస్తున్నారు అందరూ? తొయ్యండి!"

"తొయ్యడమా?" అన్నాను.

"గీత దాటాలన్నాను. ఇంజనుతోనే దాటాలన్నానా?"

ఊడిన చక్రం చోట కింద చక్రాల జాకీ పెట్టాం. తలా ఒక చెయ్యి వేశాం. కార్లా ఒక పక్క, పాస్టరు గారు ఒక పక్క, వెనక మేవిస్. స్టీరింగు దగ్గర వెండెల్ కూర్చుని, "మెల్లగా, మెల్లగా, ఆ బంపరు నేనింకా పరీక్షించలేదు!" అని అరుస్తున్నాడు. గీత దగ్గరున్న గది పైన గడియారం ఎవరూ ఆపలేదు. గీత దాటేసరికి పద్నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. సమయం రాసే ముసలాయన ఎప్పటిలాగే చీటీ చింపి కిటికీలోంచి అందించాడు: వేగం, గంటకు ఒక మైలు.

ఆ తర్వాత కార్లా వెండెల్ యాక్సిళ్లు బిగించుకుని, ఆఖరి పందెంలో వెంట్రుకవాసిలో ఓడిపోయింది. నాలుగు చక్రాలతో, నవ్వుతూ ఓడిపోయింది.

మేవిస్ ఆ చీటీని పళ్ల డాక్టరు ముక్కు కిందకు తెచ్చింది. "చూశారుగా డాక్టరుగారూ, దాటింది. బండి అమ్మకానికి లేదు."

డాక్టరు కూడా తోసినవాళ్లలో ఒకడే. తెల్ల బూట్లు రెండూ బొగ్గులా ఉన్నాయి. ఆయన చీటీ చదివి, వెండెల్ దగ్గరికెళ్లి, కొంచెం మొహమాటంగా అడిగాడు:

"హచిన్స్ గారూ, ఇంటి దగ్గర మా అబ్బాయికి కొన్న కారొకటి ఉంది. వచ్చే వారం తీసుకొస్తాను. కాస్త విరగ్గొట్టి పెడతారా?"