మూత మీద పండుగప్ప

రాయవే అమ్మలూ, నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. దరియాలతిప్ప నుంచి మనకి చేపలు తెచ్చే ఆవిడకి బాస్కెట్‌బాల్ పిచ్చి. ఏటా వేసవి పోటీలైపోయాక ఊళ్లో ఆడే కుర్రాళ్లంతా మన అరుగు మీద చేరి, వచ్చే ఏడు టీంలో ఎవరుండాలా అని కొట్టుకునేవారు. ఆవిడ తట్ట దించి, మూత మీద అయిదు చేపలు పేర్చి, "ఇదిగోండ్రా మీ టీము" అనేది. కెప్టెన్ ఎప్పుడూ పండుగప్పే.

ఒక వేసవిలో మాత్రం పండుగప్పని తీసి పక్కన పెట్టేసింది.

"ఈడొద్దురా. మోకాలు పోయింది."

"అదేంటత్తా, కెప్టెన్ నీ కొడుకే కదా!" అన్నాడో కుర్రాడు.

"రోజూ కాపడం పెట్టేది నేనేరా. మీకు చెప్పకుండా దాస్తన్నాడు."

కొడుకు అక్కడే ఉన్నాడు, తలెత్తలేదు. నేను ఆ పండుగప్ప ఎంతని అడిగాను.

"ఇది అమ్మనండమ్మగారూ" అని కొంగులో చుట్టి, ఇంటికి పట్టుకెళ్లిపోయింది.