ఎముకను చుట్టి వచ్చిన తీగ

టెలిఫోను కేబుళ్ళను అతికే పనిలో జీవితమంతా గడిపిన ఆ పెద్దమనిషిని అందరూ కేబుల్ మేస్త్రి అనే పిలిచేవారు. రోడ్డు పక్క గుంతలో గొంతుకూర్చుని, కేబులు పైతొడుగు ఒలిచి, వందల తీగల నడుమ తెగినదాన్ని గుర్తుపట్టడం ఆయన విద్య. తీగను లాగి వెతకడం పని రానివాని లక్షణం. ఆ కొసన తీగలోకి సన్నని మోతను పంపి, ఈ కొసన రిసీవరును చెవికి ఆనించి వినడం మేస్త్రి పద్ధతి. “లాగితే తెగుతుంది, పిలిస్తే పలుకుతుంది” అని కొత్తగా చేరినవారికి చెప్పేవాడు.

అంతటి మేస్త్రి ప్రొస్టేటు గ్రంథిని తీయించుకుని, ఆసుపత్రిలో పెట్టిన మూత్రపు గొట్టం తొలగించిన నాటినుండి కుర్చీలో కూర్చోవడం మానుకున్నాడు. దగ్గితే చుక్క, లేస్తే చుక్క. భార్య పల్లెత్తు మాటైనా అనకుండా ఆయన గుడ్డలు ఉతికి, పెరట్లో తీగమీద దుప్పటి చాటున ఆరవేసేది. తడికన్న ఆ చాటే ఆయనను ఎక్కువగా కుంగదీసింది.

ఒకనాడు బావమరిది వచ్చాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

“ఏం బావా, కుర్చీలో ముళ్ళున్నాయా? అలా స్తంభంలా నిలబడకు, కుక్కలొస్తాయి!”

మేస్త్రికి నవ్వు ఆగలేదు. నవ్వుతో పాటు మరొకటీ ఆగలేదు. మాట మధ్యలోనే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

“ఆపరేషన్లో అక్కడి తీగ తెగిపోయిందే,” అన్నాడు వెనకే వచ్చిన భార్యతో. “నా బతుకింక నిలుచునే తెల్లారాలి.”

“తెగిందో లేదో చూడకుండా మీరెప్పుడైనా గుంత పూడ్చారా? పోయి డాక్టరమ్మని అడగండి.”

ఆయన అడిగాడు. డాక్టరమ్మ అలమరలోనుండి నమూనా కటి ఎముకను, ఒక పసుపుపచ్చ దారాన్ని తీసి బల్లమీద పెట్టింది.

“మూత్రాశయం కింద రెండు తలుపులున్నాయండి. పై తలుపు మన మాట వినదు. దాని నరాలు వేరు; మనం నిద్రపోతున్నా అవే కాపలా కాస్తాయి. గ్రంథి తీసేటప్పుడు ఆ తలుపు చాలావరకు పోయింది. ఇప్పుడు భారమంతా కింది తలుపుదే. అది మాత్రం మీ మాట వింటుంది. దాని తీగ ఇదిగో.”

దారం వెన్ను అడుగు కొసన బయలుదేరింది. కటి వెనుక సందులోనుండి బయటికి వెళ్ళింది. అక్కడ ముల్లువలె పొడుచుకు వచ్చిన ఒక ఎముకను చుట్టి, మరొక సందులోనుండి మళ్ళీ లోపలికి వచ్చి, ఉంగరమంత కండరం దగ్గర ఆగింది. రెండో వైపునా అటువంటిదే మరొకటి ఉన్నదని ఆమె చెప్పింది.

మేస్త్రి ఆ ముల్లును వేలితో తడిమాడు. మనిషి కూర్చున్నా, లేచినా, పరుగెత్తినా, ఆ ఇరుకు మలుపులో తీగ నలగలేదు, ఒరుసుకోలేదు. తాను వేసిన ఏ లైనూ ఇంతకాలం మరమ్మతు లేకుండా నిలువలేదు.

“ఎవరు వేశారమ్మా ఈ లైను?” అన్నాడు గొంతు తగ్గించి.

“మీ అమ్మ కడుపులోనే పడిందండి. తెగలేదు కూడా. ఇంటికి పంపేటప్పుడు ఆ తలుపు కోసం నేను చెప్పిన వ్యాయామం చేస్తున్నారా?”

“చెయ్యకేం!” ఆయన పళ్ళు బిగించి, ఊపిరి పట్టి, పొట్టను, తొడలను రాయి చేశాడు. ముఖం కందగడ్డ అయింది.

ఆమె ఫక్కున నవ్వింది. “అయ్యో, అది కేబుల్ లాగడమండీ! పొట్ట బిగిస్తే పైనుంచి ఒత్తిడి పెరిగి తలుపు ఇంకా తోసుకుంటుంది. నలుగురిలో గాలి పోకుండా ఆపుకుంటారే, అంతే. లోపల్లోపల, మెల్లగా. పక్కవాళ్ళకి తెలియకూడదు.”

మేస్త్రికి చెంప ఛెళ్ళుమన్నట్లయింది. ఇన్నాళ్ళూ తాను లాగుతున్నాడే గాని, పిలవలేదు.

ఇంటికి వచ్చి మంచంమీద వెల్లకిల పడుకున్నాడు. ఒళ్ళంతా వదులు చేసి, మామూలుగా ఊపిరి తీస్తూ, ఒక సన్నని తలపును వెన్ను చివరకు పంపాడు. బదులు రాలేదు. మళ్ళీ పంపాడు. ఎక్కడో అడుగున, తాను పుట్టినప్పటినుండి తనతో ఉండీ తాను ఎన్నడూ ఎరుగని చోట, ఏదో చిన్నగా ముడుచుకుని పైకి లేచింది. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. గుంతలో చెవికి రిసీవరు ఆనించినప్పుడు వినిపించే మోత వంటిదే అది. కాని ఈసారి గుంతా తానే, తీగా తానే.

నెలలు గడిచాయి. దుప్పటి చాటున ఆరే గుడ్డలు తగ్గుతూ వచ్చాయి. ఒక సాయంత్రం బావమరిది మళ్ళీ వచ్చాడు.

“ఇంకా నిలబడే ఉన్నావా బావా? నీ మీద కరెంటు తీగలు వేస్తారేమో చూసుకో!”

నవ్వు తన్నుకు వచ్చింది. ఆ నవ్వు వెనుకనే మేస్త్రి కిందికి కబురు పంపాడు. వెన్నునుండి బయటికి, ముల్లు చుట్టూ, మళ్ళీ లోపలికి. తలుపు పడింది. ఆయన కడుపారా నవ్వాడు. పొడిగానే ఉన్నాడు. నడిచివెళ్ళి, మెత్తని కుర్చీలో, వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాడు.

వంటగది గుమ్మంలో భార్య చేతిలోని గిన్నెతో అలాగే నిలిచిపోయింది.

“ముళ్ళు పోయాయా బావా?” అన్నాడు బావమరిది.

“లేదురా, ఒక ముల్లు ఉంది. దాన్ని చుట్టి రావడంలోనే ఉంది పనితనమంతా.”

“ఏమిటక్కా ఈయన అనేది?”

ఆమె గిన్నెను పక్కన పెట్టింది. పెరట్లోకి వెళ్ళి, తీగమీది దుప్పటిని మడిచి తెచ్చి, అలమరలో పెట్టింది.